నాంచారయ్య దవడ పన్ను

నేను ఒక దవడ పన్నును. కింది వరసలో కుడిపక్క, నవ్వినా కనిపించనంత లోపలికి ఉండేదాన్ని. ముందు పళ్లకున్న పేరూ మెరుపూ నాకెప్పుడూ లేవు. మెచ్చుకోళ్లు వాటికి, చాకిరీ మాకు. దానికి నేనేమీ బాధపడలేదు, ఎందుకంటే పని చేసేవాళ్లకి బాధపడే తీరిక ఉండదు. ఇప్పుడు నేను సగమే ఉన్నాను. మిగతా సగం ఏమైందో చెప్పాలంటే పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

కొక్కిలిగడ్డ నాంచారయ్య పుట్టిన రోజుల్లోనే చిగురు లోపల నా పని మొదలైంది. పాలపళ్లు ఊడితే వాటి చోట్లో వచ్చే రకాన్ని కాదు నేను. అతనికి ఆరేళ్లు వచ్చాక, వెనక ఖాళీగా ఉన్న చోట, ఎవర్నీ తొయ్యకుండా, ఎవరి వారసత్వమూ అడక్కుండా పైకి వచ్చాను. వచ్చేటప్పుడు రెండు రోజులు జ్వరం తెప్పించానని వాళ్లమ్మ తిట్టింది కూడా.

నా ఒంటిమీద తెల్లటి గట్టి పొర ఒకటుంది. ఎనామెల్ అంటారు. మనిషి శరీరంలో దానికంటే గట్టిది ఇంకోటి లేదు. దాన్ని కట్టడానికి సూచనలిచ్చే జన్యువు మగవాళ్లకి రెండు చోట్ల ఉంటుంది. తల్లి ఇచ్చిన ఎక్స్ క్రోమోజోము మీద ఒకటి, తండ్రి ఇచ్చిన వై మీద ఒకటి. ఇద్దరు మేస్త్రీలనుకోండి. నన్ను కట్టేటప్పుడు వై వైపు మేస్త్రీ పనిలోకి రాలేదు. నాంచారయ్య నాన్న పళ్లు కట్టడానికీ రాలేదు, తాత పళ్లకీ రాలేదు. ఆ వంశంలో ఏ తరంలోనో ఆ చిన్న ముక్క ఊడిపోయింది, అంతే. ఎక్స్ వైపు మేస్త్రీ ఒక్కడే మొత్తం కట్టేశాడు. ఏ మగవాడి పళ్లలోనైనా ఎక్కువ పని అతనిదే కాబట్టి నాకు ఏ లోటూ జరగలేదు. నేను ఇనప గుగ్గిళ్లయినా కొరికేంత గట్టిగానే వచ్చాను.

నాంచారయ్యది బాతులు మేపే పని. వరి కోతలైన చేలల్లో రాలిన గింజలూ నత్తలూ ఏరుకు తినడానికి బాతుల మందను ఊరూరా తోలుకెళ్లేవాడు. సాయంత్రానికి ఏ కాలువ గట్టు మీదో నాలుగు కర్రలు పాతి, చుట్టూ నైలాన్ వల కట్టి, బాతుల్ని లోపలికి తోలాలి. ఒక చేత్తో కర్ర పట్టుకోవాలి, రెండో చేత్తో వల లాగాలి. ముడి బిగించడానికి మూడో చెయ్యి కావాలి. ఆ మూడో చెయ్యి నేను. తాడు కొరికి కొరికి నా పైన ఒక గాడి పడింది.

"ఏందయ్యా, అవి పళ్లా పట్టకారా?" అనేది అతని భార్య తిరపతమ్మ.

"పట్టకారైతే ఎక్కడో పారేసుకుంటానే. ఇయ్యి నోట్లోనే ఉంటయ్యి," అనేవాడు.

నెలల తరబడి ఇంటికి రాకపోవడం అతనికీ ఆమెకీ అలవాటే. వచ్చినప్పుడు బాతుగుడ్లు తెచ్చేవాడు, కూతురు నాగమణికి గుడ్ల పులుసు ఇష్టమని. ఆ పులుసులో గుడ్డు నాదాకా వచ్చేసరికి మెత్తగా ఉండేది. నమలడానికి నాకేమీ మిగిలేది కాదు. అయినా నాకు ఆ రోజులంటే ఇష్టం.

ఒక పుష్యమాసం మధ్యాహ్నం, లాకులపాలెం దాటాక, పెద్ద కాలువ పక్కన తూము దగ్గర బాతులు ఆగాయి. రెండో పంటకు నీళ్లు వదిలిన రోజులవి, కాలువ నిండుగా ఉంది. నాలుగైదు బాతులు గుర్రపుడెక్కలో ఇరుక్కుని అరుస్తున్నాయి. నాంచారయ్య వల భుజాన వేసుకుని, దాని అంచు తాడును నా మీద బిగించి, రెండు చేతులా ఈదుకుంటూ వెళ్లాడు. బాతులు బయటపడ్డాయి. వల మాత్రం తూము దగ్గర సుడిలో విచ్చుకుని కాళ్లకు చుట్టుకుంది. అతను నోరు తెరిచి అరవాల్సింది. అరిస్తే తాడు వదిలేయాలి. వల పోతే మందను ఎక్కడ కడతాడు? అందుకని పంటి బిగువున పట్టుకున్నాడు. నేనూ వదల్లేదు. ఆ రోజు నేను వదిలేసి ఉంటే గట్టు మీద ఎవరికైనా కేక వినబడేదేమో. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

దిక్కులేని బాతుల్ని గట్టు మీది జనం తలా కొన్ని పంచుకున్నారు. ఆ కూర తిన్నవాళ్లే కొన్నాళ్లకి "నాంచారయ్య మందను అమ్ముకుని ఎవత్తోనో లేచిపోయాడు" అన్నారు. బాతులు ఏమయ్యాయో బాగా తెలిసినవాళ్లే ఆ మాట మొదలుపెట్టడం మనుషుల్లో మాత్రమే చూశాను. తమ్ముడు అంకబాబు స్టేషన్లో కనబడటంలేదని ఫిర్యాదు ఇచ్చాడు. ఆ ఫిర్యాదు మీద ఇంకో నాలుగు ఫిర్యాదులు వచ్చి పడ్డాయి. ఇదంతా నేను తర్వాత స్టేషన్లో విన్నదే.

మరుసటి ఏడు వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసి పూడిక తీస్తుంటే పొక్లెయిన్ తొట్టిలో మేం పైకి వచ్చాం. నేనున్న దవడ, మరికొన్ని ఎముకలు, వాటికి చుట్టుకుని నైలాన్ వల. నీళ్లలో నాంచారయ్యలో కరగాల్సినవన్నీ కరిగాయి, చేపలకు ఇవ్వాల్సినవన్నీ ఇచ్చాడు. నైలానూ నేనూ మాత్రం చెక్కుచెదరలేదు.

ఎస్సై వల్లభరావు చెడ్డవాడేం కాదు. పని త్వరగా తేలాలనుకునే మనిషి. అతని దగ్గర అప్పటికి కనబడకుండా పోయినవాళ్లు ఇద్దరున్నారు. పక్క మండలంలో కాలేజీకని వెళ్లి తిరిగి రాని అమ్మాయి ఒకరు, నాంచారయ్య ఒకడు. తిరపతమ్మను పిలిపించి వల చూపించాడు. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని ముడులు తడిమింది.

"మాదేనండి. ఈ మూల ముడి నేనేసిందే," అంది.

చూసిందే చెప్పింది. ఆ మాటే తర్వాత ఆమె మెడకు చుట్టుకుంది.

మమ్మల్ని సీలు వేసి నగరంలోని ప్రయోగశాలకు పంపారు. అక్కడ నన్ను చేతిలోకి తీసుకున్న శాస్త్రవేత్త పేరు హైమవతి. తక్కువ మాట్లాడే మనిషి. దవడలోంచి నన్ను ఊడబెరికి, కడిగి, చిన్న రంపంతో నిలువునా రెండు చెక్కలు చేసింది. పన్ను నొప్పి వస్తే డాక్టరు దగ్గరికి పోవడానికి భయపడి లవంగాలతో నెట్టుకొచ్చిన నాంచారయ్య అది చూడకపోవడమే మంచిదైంది. ఒక చెక్కను తిరిగి దవడతోపాటు స్టేషనుకు పంపేసింది. రెండో చెక్కలోంచి కొంచెం పిండి చేసుకుని, మిగిలినది సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టింది. ఆనాటినుంచి నేను రెండు చోట్లా ఉన్నాను. కాబట్టి స్టేషన్లో ఏం జరిగిందో, ప్రయోగశాలలో ఏం జరిగిందో రెండూ నాకు తెలుసు. మనుషులకు ఆ సౌకర్యం లేక ఒకచోట కూర్చుని రెండోచోటు సంగతి ఊహిస్తుంటారు.

డీఎన్ఏ చూసి ఆడో మగో చెప్పడానికి ఆ ప్రయోగశాల పట్టుకున్న ఆనవాలు ఏమిటో తెలుసా? నా ఎనామెల్‌ను కట్టే జన్యువే. వై మీది ముక్క ఎక్స్ మీది ముక్క కంటే కాస్త పొడుగు. అందువల్ల మగవాడి డీఎన్ఏ అయితే యంత్రం తెర మీద ఆ చోట రెండు శిఖరాలు లేస్తాయి, ఆడవాళ్లదైతే ఒక్కటే. నూటికి తొంభైతొమ్మిదిసార్లు, అంతకంటే ఎక్కువే, లెక్క సరిపోతుంది. ఇన్నిసార్లు సరిపోయినదాన్ని ఇంకోసారి అనుమానించడం ఎవరికైనా కష్టమే.

నాకు ఒక్క శిఖరం లేచింది. నిటారుగా, శుభ్రంగా. యంత్రం అబద్ధం చెప్పలేదు. ఒకటి కనబడింది, రెండోది కనబడలేదు అంది, అంతవరకే. కానీ పోలీసులు అడిగింది ఎన్ని శిఖరాలని కాదు, ఆడా మగా అని. కోర్టుకు ఒక్క మాట కావాలి. హైమవతి "స్త్రీ" అని రాసింది. మిగతా ఆనవాళ్లను కాలేజీ అమ్మాయి తల్లి రక్తంతో పోల్చారు, కలవలేదు. నాంచారయ్య కుటుంబంతో పోల్చాల్సిన పనే లేదనుకున్నారు, మగమనిషి కాదు కాబట్టి. సంచీ మీద చీటీ అంటించారు: "గుర్తు తెలియని స్త్రీ."

అమ్మాయి తల్లి స్టేషన్ మెట్ల మీద కూర్చుని సంతోషంతో ఏడ్చింది. నా కూతురు బతికే ఉందయ్యా అని ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పింది. ఆమెను చూసి నాకు ముచ్చటేసింది. ఆమె వెళ్లాక వల్లభరావు తిరపతమ్మను కూర్చోబెట్టి చెప్పిన మాటలు విన్నాక ఆ ముచ్చట ఎగిరిపోయింది.

"చూడమ్మా. దొరికింది ఆడమనిషి. చుట్టినది మీ వల. వల మీదేనని నువ్వే చెప్పావు. ఆ రోజుల్నుంచే నీ మొగుడు కనబట్టంలేదు. ఇంక నేను చెప్పేదేముంది? చంపి, వలలో చుట్టి, తూములోకి తోసి, మందను అమ్ముకుని పోయాడు."

తిరపతమ్మకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

"మా ఆయన బాతుని కొయ్యాలంటే పక్కింటోళ్లని పిలిచేవోడండి. ఆడమడిసిని చంపుతాడాండి? ఆయనే అండి అది. నాకు తెలుస్తానే ఉంది."

"మిషన్ చెప్పింది తల్లీ. మిషన్‌కి నీ మొగుడి మీద పగేముంటది?"

నేను బీరువాలో, కాగితం సంచీలో, ఆమెకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నాంచారయ్య తనను తానే చంపి, తనను తానే వలలో చుట్టి, తననుంచి తానే పారిపోయినట్టు కేసు కట్టారు. దానికి సాక్ష్యం నేను. అతనికి అన్నం నమిలిపెట్టిన పన్నును అతనిమీదే నిలబెట్టారు. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. కొరకడానికి పైన ఏమీ లేదు.

నాట్లకు వెళ్లే ఆడవాళ్ల ముఠా తిరపతమ్మను పిలవడం మానేసింది. నాగమణిని బడిలో హంతకుడి కూతురన్నారు, ఆ పిల్ల బడికి వెళ్లనని మొండికేసింది. బొట్టు పెట్టుకుంటే "వాడికోసం చూస్తంది" అన్నారు, పెట్టుకోకపోతే "అప్పుడే చంపేసింది" అన్నారు. తిరపతమ్మ ప్రతి సోమవారం స్టేషనుకు వచ్చేది. ఆమె అడిగేది ఎప్పుడూ ఒక్కటే.

"ఆయన చచ్చిపోయాడనన్నా చెప్పండయ్యా, ఏడ్చుకుంటాను. చంపాడని మాత్రం అనమాకండి."

ఇది జరుగుతుండగా నెల్లూరు వైపు ఒక బాతుల మంద వెంట నడుస్తున్న చెంగయ్య అనే మనిషిని పోలీసులు పట్టుకొచ్చారు. ఎత్తు సరిపోయింది, వయసు సరిపోయింది, బాతులు సరిపోయాయి. పేరు ఒక్కటే సరిపోలేదు. మార్చుకుని ఉంటాడన్నారు. తిరపతమ్మను పిలిచి చూపించారు.

"ఈయనెవరో నాకు తెలవదండి," అంది.

"నాకసలు ఆ ఊరే తెలవదు సామీ," అన్నాడు చెంగయ్య.

అంకబాబు కూడా మా అన్న కాదన్నాడు. వల్లభరావు ముగ్గురినీ మార్చి మార్చి చూసి నవ్వాడు. "మొగుణ్ణి పట్టించే పెళ్లామూ అన్నను పట్టించే తమ్ముడూ ఎక్కడైనా ఉంటారా? రక్తం అబద్ధం చెప్పదు," అని చెంగయ్య రక్తమూ అంకబాబు రక్తమూ తీయించి ప్రయోగశాలకు పంపాడు. ఇద్దరూ అన్నదమ్ములని తేలిపోతే కేసు ముగిసినట్టే.

ఇక ఫ్రిజ్‌లో ఉన్న నా సగం వైపు రండి. వచ్చిన కాగితంలో ఇద్దరూ అన్నదమ్ములా కాదా అన్న ప్రశ్న మాత్రమే ఉంది. హైమవతి రెండు రక్తాలూ యంత్రంలో పెట్టింది. చెంగయ్యకు రెండు శిఖరాలు లేచాయి. అంకబాబుకు ఒక్కటే లేచింది. ఆమె మొహం చిట్లించి, స్టేషనుకు ఘాటుగా ఉత్తరం రాసింది. పురుషుడి పేరుతో స్త్రీ రక్తం పంపారు, దీనికి సంజాయిషీ ఇవ్వవలసింది అని.

ఉత్తరం చదివి వల్లభరావు హెడ్ కానిస్టేబుల్ మీద విరుచుకుపడ్డాడు.

"ఎవరి రక్తం తెచ్చావయ్యా నువ్వు?"

"ఇతనిదే సార్. నా కళ్లముందే తీశారు. సూది చూసి ఇతను కళ్లు మూసుకున్నాడు, నేను తెరిచే ఉన్నాను."

"అయితే మధ్యలో మార్చాడు. పెళ్లాం రక్తం పెట్టాడు. అన్నను కాపాడుకోవడానికి ఎంత తెలివి!"

అంకబాబుకు చెంపల దాకా పాకిన మీసం ఉంది. ఆ మీసం వణికింది.

"మా ఆవిడ సూదంటే ఊరు దాటి పోద్దండి. ముగ్గురు పిల్లల తండ్రినండి నేను. నన్ను పట్టుకుని ఆడదంటారేంటండి?"

హెడ్డు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ సాయంత్రానికి ఊళ్లో టీకొట్టు దగ్గర అంకబాబుకు కొత్త పేరు పుట్టింది. అది ఇక్కడ రాయను. అన్న హంతకుడు, తమ్ముడు ఆడది. ఒక్క ఇంటిమీద ఇంత వేడుక ఆ ఊరికి ఎన్నేళ్లకో దొరికింది.

మర్నాడు అంకబాబును జీపులో నేరుగా ప్రయోగశాలకు తెచ్చారు. హైమవతి తన ఎదుటే రక్తం తీయించింది. సీసా మీద పేరు తానే రాసింది. అతన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తక్కిన పనులు పక్కనపెట్టి, యంత్రం ముందు తానే నిలబడింది. సాయంత్రానికి ఫలితం వచ్చింది. తెర మీద ఒక్క శిఖరం, గాజు తలుపు అవతల బెంచీ మీద మీసం. ఆమె అటూ ఇటూ రెండుసార్లు చూసింది.

ఇలాంటి సంగతి ఆమె చదువుకున్నదే. కొందరు మగవాళ్లకు వై మీది ఆ ముక్క ఊడిపోయి ఉంటుందని, వాళ్లకు ఏ జబ్బూ ఉండదని, తండ్రినుంచి కొడుక్కి అలాగే వెళ్తుందని, మన దేశంలోనూ అలాంటివాళ్లు కనబడ్డారని పుస్తకాల్లో ఉంది. కాకపోతే పుస్తకంలో చదివినది తన బల్ల మీదికి నడిచి వస్తుందని మామూలుగా ఎవరూ అనుకోరు. ఆమె కూడా అనుకోలేదు.

వై మీద ఆ ఒక్క ముక్కే కాదు, ఇంకా చాలా ఆనవాళ్లుంటాయి. వాటిని వెతికే పరీక్ష వేరే ఉంది. అది ఖర్చుతో కూడినది, అనుమానం ఉంటేనే చేస్తారు. హైమవతి అంకబాబు రక్తానికి ఆ పరీక్ష చేసింది. మగవాడని చూపే ఆనవాళ్లు వరసగా లేచాయి. ఊడిపోయిన ముక్క పక్కనున్న ఒక్క చోటు మాత్రం ఖాళీగా ఉంది. ముక్క పోతూ పోతూ పక్కదాన్ని కూడా పట్టుకుపోయిందన్నమాట.

ఆమె బయటికొచ్చి బెంచీ మీద అంకబాబు పక్కన కూర్చుంది.

"అంకబాబుగారూ, మీరు మగవాళ్లే. తప్పు మాది. ఆ ఉత్తరానికి నన్ను క్షమించాలి."

"ఆ ముక్క కాయితం మీద రాసిస్తారాండీ, మేడం గారూ? మా ఊళ్లో చూపించుకోవాలి."

"రాసిస్తాను. మీది ఏ కేసు?"

"మా అన్నదండి. కాలవలో ఎవరో ఆడమనిషిని చంపాడన్నారు కదండి. వలలో ఎముకలు దొరికినయ్యి. ఆ ఎముకలు మా అన్నవేనని మా వదిన మొత్తుకుంటానే ఉందండి. ఆడమనిషి ఎముకలని మీ ఆఫీసోళ్లే తేల్చారంట."

హైమవతి లేచి వచ్చి ఫ్రిజ్ తలుపు తెరిచింది. వెలుతురు నా మీద పడింది. నా సీసా చేతిలోకి తీసుకుని, దానిమీద తన దస్తూరీతోనే ఉన్న "స్త్రీ" అన్న మాటను చదివింది.

ఆ చెక్క మొత్తం పిండైపోయింది. నొప్పి సంగతి అడగకండి. నేను సంతోషంగా పిండయ్యాను. ఫలితం వచ్చింది. వై ఆనవాళ్లు ఒక్కొక్కటే లేచాయి. అంకబాబుకు ఎక్కడెక్కడ ఉన్నాయో నాకూ అక్కడక్కడే ఉన్నాయి, అతనికి ఎక్కడ ఖాళీగా ఉందో నాకూ అక్కడే ఖాళీ. ఏ లోటు వల్ల నాంచారయ్య మొదటి పరీక్షలో కనబడకుండా పోయాడో ఆ లోటే అతని తమ్ముణ్ణి పక్కన నిలబెట్టింది.

అయినా హైమవతి తొందరపడలేదు. ఒకసారి తొందరపడ్డ మనిషి కదా. ఈ పోలిక ఒకే తండ్రి వంశంలో మగవాడని మాత్రమే చెబుతుంది, ఆ వంశంలో ఏ మగవాడో చెప్పదు. నాగమణిని పిలిపించి బుగ్గ లోపలినుంచి దూదిపుల్లతో నమూనా తీసింది. పిల్లకు తండ్రినుంచి రావలసినవన్నీ నా దగ్గరున్నవాటితో కలిశాయి.

విభాగం పెద్దాయన కొత్త నివేదిక చదివి కళ్లజోడు తీసేశాడు.

"అమ్మా హైమవతీ, మొదటి నివేదిక కోర్టులో ఉంది. కింద సంతకం నీదే. ఇప్పుడు మనమే మన యంత్రం తప్పంటే రేపు ప్రతి లాయరూ దాన్నే పట్టుకుని వేళ్లాడతాడు. జాగ్రత్తగా వేరే మాటల్లో రాయకూడదూ?"

"యంత్రం తప్పు చెప్పలేదండి. ఒక్కటే కనబడిందంది. ఆడమనిషని రాసింది నేను. వేరే మాటలు వెతకను."

ఆమె నివేదికలో ఉన్నదున్నట్టే రాసింది. ఒక్క శిఖరమే కనబడినంత మాత్రాన స్త్రీ అని నిర్ధారించరాదని, మిగతా వై ఆనవాళ్లు కూడా చూడాలని, తాను చూడలేదని రాసింది. ఆ తర్వాత ఆ ప్రయోగశాలలో ఒంటి శిఖరం వచ్చిన ప్రతి ఎముకకూ రెండో పరీక్ష చేయడం మొదలుపెట్టారని విన్నాను. ఎన్ని ఎముకలు మాట మార్చాయో నాకు తెలీదు. అంతకుముందు పరీక్షించి మూలన పడేసిన సంచీలను మళ్లీ ఎవరైనా తెరిచారో లేదో కూడా తెలీదు.

నివేదిక స్టేషనుకు వచ్చిన రోజు హెడ్డు దాన్ని గట్టిగా చదివి, "అయితే సార్, చంపినవాడూ చచ్చినవాడూ ఒకడేనన్నమాట," అన్నాడు. వల్లభరావు అతనికేసి చూసిన చూపుకి హెడ్డు టీ తేవడానికి వెళ్లిపోయాడు. చెంగయ్యను వదిలేశారు. అతని మంద ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు. దిక్కులేని బాతులు ఏమవుతాయో నేను ముందే చెప్పాను.

వల్లభరావు తిరపతమ్మను కుర్చీలో కూర్చోమన్నాడు. అంతకుముందెప్పుడూ అనలేదు.

"అమ్మా, మీ ఆయన ఎవర్నీ చంపలేదు. కాలవలో పడి పోయాడు. కేసు తీసేస్తున్నాం. మిషన్ అట్టా చెప్పబట్టి మేమూ అట్టా అనుకున్నాం, మరోలా అనుకోకు."

తిరపతమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాగమణి తల్లి చెయ్యి పట్టుకుని నిలబడింది. గుమ్మం బయట ఊరివాళ్లు కొందరున్నారు. "మేం అప్పుడే అన్నాం, నాంచారయ్య అట్టాంటోడు కాదని," అంటున్నారు వాళ్లలో వాళ్లు. కొన్ని గొంతులు నేను గుర్తుపట్టాను.

స్టేషన్లో కాగితాలు రాసే రైటరు బీరువా తెరిచి సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో దవడ, ఎముకలు, మిగిలిన నా సగం.

"వేలిముద్ర వేసి తీసుకెళ్లండమ్మా," అన్నాడు.

తిరపతమ్మ కళ్లు తుడుచుకుని సంచీ మీది చీటీ చూసింది. ఆమెకు చదువు రాదు.

"దాని మీద ఏం రాసుందే?" అని కూతుర్ని అడిగింది.

నాగమణి చదవడానికి తటపటాయించింది. తర్వాత మెల్లగా చదివింది. "గుర్తు తెలియని స్త్రీ."

తిరపతమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మార్చి రాయండి."

"కాగితాల్లో అన్నీ సరిచేశామమ్మా. ఇది పాత చీటీ. లోపలున్నది మీ ఆయనే కదా, తీసుకెళ్లిపో."

"లోపల మా ఆయన్ని పెట్టి పైన ఇంకో మడిసి పేరు రాసి ఇస్తే నేనెట్టా తీసుకెళ్తానండి? ఇన్నాళ్లూ ఆ చీటీయే కదండి ఆయన్ని చంపింది. రాయండి. అప్పుడే ముట్టుకుంటా."

రైటరు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై తలూపాడు. రైటరు పాత చీటీ గోటితో గీకి, కొత్తది అంటించి, కలం తీశాడు.

"పేరు చెప్పండి."

అంకబాబు నోరు తెరిచాడు. ఫిర్యాదు ఇచ్చిన రోజునుంచీ అన్న పేరు చెప్పాల్సిన ప్రతిచోటా అతనే చెప్పాడు, వదిన చెప్పదు కాబట్టి. మా నాగమణోళ్ల నాన్న అనేది, మా ఆయన అనేది, మరీ అవసరమైతే ఏమయ్యా అని పిలిచేది. మొగుడి పేరు పెళ్లాం నోటితో అనకూడదని ఆమెకు చిన్నప్పుడే నేర్పారు. ఆమె ఆ కట్టు ఎన్నడూ తప్పలేదు. ఇప్పుడు ఆమె చెయ్యెత్తి మరిదిని ఆపింది.

"కొక్కిలిగడ్డ నాంచారయ్య," అంది. గుమ్మం బయటివాళ్లకి కూడా వినబడేంత గట్టిగా అంది. రైటరు రాస్తుంటే, అతను తప్పు రాస్తాడేమోనని, ఇంకోసారి అంది.

ఇన్నేళ్ల కాపురంలో ఆమె అతన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదలు. ఎంత దూరాన బాతుల మధ్య ఉన్నా, ఆమె ఏమయ్యా అంటే పలికేవాడు. ఆ గదిలో పలకవలసిన నోటిలోంచి మిగిలింది ఆ దవడా, నేనూ. నాకు మాట రాదు.